రద్దయిన జిల్లాలో తొంభై ఒక్క రోజులు

నేను ఒక జిల్లాను తొంభై ఒక్క రోజులు ఏలాను. కలెక్టరు కుర్చీలో కూర్చున్నాను. అర్జీలు తీసుకున్నాను, మోహరు గుద్దాను. నా సంతకం లేనిదే అక్కడ కొబ్బరికాయ కూడా చెట్టు మీంచి రాలేది కాదు. పోర్ట్ బ్లెయిరు దగ్గర సిప్పీఘాట్‌లో మా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఈ మాట చెప్పాను. పెన్షను రోజున బ్యాంకు క్యూలో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

నేవీ ల్యాండింగ్ క్రాఫ్టు ఉదయం ఐదూ నలభైకి ఆ దీవి ఇసుకకు తగిలింది. మే నెల ఆఖరి వారం. వాన. దిగగానే మోకాలి లోతు నీళ్ళు. పది మందిమి. నేను హవల్దారుని, సెక్షన్ కమాండర్ని. సామాను: ఒక రేడియో సెట్టు, చిన్న జనరేటరు, ముప్పై జెర్రీకాన్లు, తొంభై రోజుల రేషను, దోమతెరలు, జలగలకు ఉప్పు మూటలు, మలేరియా మాత్రల డబ్బా. ఆదివారం ఉదయం అందరినీ వరసలో నిలబెట్టి మాత్ర మింగించాలి. మింగినట్టు నాలుక ఎత్తి చూపించాలి.

ఆర్డరు నాలుగు ముక్కలు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా కొండ మీంచి సముద్రం చూడాలి. పరాయి దేశపు దొంగ పడవ కనిపిస్తే రాయాలి, చెప్పాలి. రోజుకు మూడుసార్లు సెట్టు మీద మాట్లాడాలి. సివిలు వ్యవహారాల్లో వేలు పెట్టకూడదు.

నాలుగోది గుర్తుపెట్టుకోండి.

దీవి పేరు రాయను. ఆ జిల్లా పేరు ఇప్పుడు ఏ మ్యాపులోనూ లేదు. లేనిదాన్ని నేనొక్కడినే రాస్తే బాగుండదు. పొడవు తొమ్మిది కిలోమీటర్లు. వెడల్పు, అలసిపోకపోతే, గంటన్నర నడక. తూర్పున ఒక సిమెంటు జెట్టీ. పడమర మడ అడవి, అందులో మొసలి. మధ్యలో కొండ. జెట్టీ పక్కన రేకుల కప్పు ఆఫీసు, ఆరు గదులు. ఉత్తరాన పది నిమిషాల నడకలో ఇంకో రేవు. అక్కడ పదకొండు పాకలు. అందరూ మన తెలుగువాళ్ళే. భీమిలి నుంచి, సోంపేట నుంచి చేపల కోసం వచ్చి ఉండిపోయిన కుటుంబాలు.

మా టెంట్లు మొదటి రోజే కారాయి. రెండో రోజు ఆఫీసులోకి చేరాం.

ఆఫీసులో ఒకడే మనిషి. హెడ్ క్లర్కు. ఆ దీవిలోనే పుట్టిన బెంగాలీ, యాభై దాటినవాడు. మూడు బీరువాల కాగితాలు మూటలు కట్టి ఓడ ఎక్కించడానికి అతన్ని వదిలి వెళ్ళారు. నన్ను చూసి మొదట అడిగిన మాట, "హవల్దార్ సాబ్, ఏ దఫ్తరుకు వచ్చారు? ఈ దఫ్తర్ అబ్ హై హీ నహీ. రెండు నెలలైంది రద్దయి."

ఇక్కడే నా మొదటి అబద్ధం దింపేస్తాను. అది జిల్లా కాదు. సబ్ డివిజన్. జనం చిన్న జిల్లా అనేవారు. నేను చిన్న అన్న మాట కొట్టేశాను. కుర్చీ కూడా కలెక్టరుది కాదు, అసిస్టెంటు కమిషనరుది. ఆయన అప్పటికే వెళ్ళిపోయాడు.

క్లర్కు మూటలు కడుతూ ఆ చిన్న జిల్లా కథ చెప్పేవాడు. వానాకాలం, వినడం తప్ప పని లేదు. అడవి కొట్టి మనుషుల్ని తెచ్చి దింపినప్పుడు పుట్టిందట. మొదటి ఆఫీసరు ఓడ దిగేసరికి ఆఫీసు లేదు, టార్పాలిన్ కింద బల్ల వేసుకున్నాడు. తర్వాత అన్నీ సర్కారే పంపింది. సర్కారు బియ్యం, సర్కారు కిరసనాయిలు, సర్కారు కొబ్బరి మొక్కలు, సర్కారు ఏనుగు. ఒక జీపు కూడా వచ్చింది. రోడ్డు రాలేదు. జీపు జెట్టీ మీద పదకొండేళ్ళు నిలబడి తుప్పు పట్టింది. లాకప్పు ఒక్క గది. అందులో అందరికంటే ఎక్కువ రోజులు ఉన్నది విత్తనాల బస్తాలు.

గోడ మీద రాజ్యాంగ పీఠిక బోర్డు ఉండేది, హిందీలో, నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. రెండు మూడు మాటలు మాత్రం మిగతా వాటికంటే చిన్నగా, మధ్యలో ఇరుక్కుని ఉండేవి. సమాజవాదీ అందులో ఒకటి.

"బోర్డు రాసినప్పుడు ఆ మాటలు లేవు సాబ్," అన్నాడు క్లర్కు. "తర్వాత చట్టంలో చేర్చారు. పెయింటరు ఓడలో వచ్చాడు, ఆ రెండు మూడు మాటలు రాశాడు, పదిహేను రోజులు తిన్నాడు, మళ్ళీ ఓడలో వెళ్ళాడు."

మా రేడియో ఆపరేటరు గఢ్వాలీ కుర్రాడు. నవ్వి, "మరి ఇప్పుడు జిల్లాయే చెరిపేశారుగా. దానికి పెయింటరు రాలేదా?" అన్నాడు.

"దానికి కాగితం చాలు," అన్నాడు క్లర్కు.

పన్నెండో రోజు మధ్యాహ్నం సెట్టు మీద ఆర్డరు వచ్చింది.

"పోస్టుకు కంట్రోల్. ఆఫీసు బయటి బోర్డు దించండి. రద్దయిన పేరు కనిపించకూడదు. ఓవర్."

"కంట్రోల్‌కి పోస్టు. నిచ్చెన లేదు. ఓవర్."

నిచ్చెన ఉంది. వంటగది వెనక, పన్నెండు మెట్లది. బోర్డు ఉంటే నాకు బాగుండేది. అంతకు మించి కారణం లేదు. మా నాన్న చాతం సా మిల్లులో రంపం దగ్గర పనిచేశాడు. ఎప్పుడు ఏ ఆఫీసుకు వెళ్ళినా బయట నిలబడేవాడు. నేను ఆ బోర్డు కింద, లోపల, కుర్చీలో కూర్చున్నాను. కుర్చీకి చేతులున్నాయి.

ముప్పయ్యో రోజు క్లర్కు మూటలతో ఓడ ఎక్కాడు. గుండ్రటి మోహరు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాడు. సొరుగులో పాత నలుచదరపు మోహరు ఒకటి, ఎండిన ఇంకు ప్యాడు ఒకటి మిగిలాయి. జెట్టీ మీంచి వేలు చూపించి మరీ అన్నాడు: "దానితో ఆడకండి సాబ్. అది చచ్చిన మోహరు."

ప్యాడు మీద నాలుగు చుక్కల నీళ్ళు పోస్తే నానింది.

మాకు నీళ్ళు అవతలి రేవు నుంచి వచ్చేవి. దీవి మొత్తానికి ఉప్పు తగలని నీరు ఒక్క నూతిలోనే. తొమ్మిది అడుగుల లోతు. ఆ పదకొండు పాకల్లో ఒకదానిలో ఉండే నూకమ్మ, ఆమె పెనిమిటి కలిసి తవ్వారు. అతను తర్వాత సముద్రంలో పోయాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. నూకమ్మకు అప్పుడు ముప్పై అయిదు ఉంటాయి. వల సొంతంగా వేసేది, చేప సొంతంగా ఎండబెట్టేది. రోజూ ఏడున్నరకు మా వాళ్ళు ఇద్దరు ఆరు జెర్రీకాన్లు పట్టుకుని వెళ్ళేవారు. ఆమె ఒక్కమాటు కూడా వద్దనలేదు.

ముప్పై మూడో రోజు ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏటి బాబూ, ఆ కుర్సీలో కూకున్నావు? సాబు లేడా?"

"నేనే సాబుని."

"నువ్వా? నిన్న మా నూతికాడ బనీనుతో నీళ్ళు తోడినోడివి కాదేటి?"

ఆపరేటరు పక్క గదిలో పడీపడీ నవ్వాడు. తెలుగు రాదు. అయినా అర్థమైంది. ఆ రోజు నుంచి నన్ను కలెక్టర్ సాబ్ అనేవాడు.

ఆమెకు కావలసింది ఒక్కటే. పాకా, నుయ్యీ తన పేర కాగితం మీద ఉండాలి. పదకొండు కుటుంబాలకూ అదే. ఇరవై ఏళ్ళుగా ఉంటున్నారు, కాగితం లేదు. నేను తెలుగులో అడిగాను, హిందీలో రాశాను. పాక ఎక్కడ, నుయ్యి ఎక్కడ, కొబ్బరిచెట్లు పద్నాలుగు. కింద నా సంతకం. పైన మోహరు. ఆమె ఆ తడి మోహరు మీద ఊదింది, ఆరేదాకా.

"బస్, అయిపోనాదా?"

"అయిపోయింది."

తర్వాత వరసగా అందరూ వచ్చారు. కొందరు ఎండు చేప తెచ్చారు. మా వంటవాడు బాగా చేసేవాడు.

యాభై అయిదో రోజు ఓడలో ఒక నోటీసు వచ్చింది. చిన్న జిల్లాను కలిపేసుకున్న కొత్త హెడ్ క్వార్టర్సు నుంచి. అది ఉత్తరాన ఇంకో దీవిలో ఉంది, మోటారు బోటులో మూడున్నర గంటలు. కాగితం లేకుండా ఒడ్డున ఉంటున్నవాళ్ళు ఫలానా తేదీలోపు స్వయంగా హాజరై పేరు రాయించుకోవాలి. రాయించుకోనివాళ్ళను పోర్ట్ బ్లెయిరు తరలిస్తారు. ఆ తేదీ మా లెక్కలో డెబ్భై ఒకటో రోజు.

నూకమ్మ నోటీసు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆమెకు చదువు రాదు.

"ఏటుంది ఇందులో? సీదా సెప్పు."

"అర్జీ పెట్టుకోమంటున్నారు. మీరు పెట్టేశారుగా. పంపిస్తాను."

స్వయంగా అన్న మాట నేను చదివాను. రెండుసార్లు చదివాను. ఆమెకు చెప్పలేదు. మోహరు పడ్డాక మళ్ళీ మనిషి ఎందుకు అనుకున్నాను. ఆ మాట బయటికి చెబితే మోహరు సంగతీ చెప్పాల్సి వస్తుంది. పదకొండు అర్జీలూ కట్టగట్టి యాభై ఎనిమిదో రోజు ఓడ టపా సంచిలో వేశాను. పంపినవారు అన్నచోట రద్దయిన ఆఫీసు పేరే రాశాను. అందంగా రాశాను.

తర్వాత రోజులు డైరీలో ఉన్నాయి. అరవయ్యో రోజు, గాలి నైరుతి, అలలు ఆరడుగులు, కొండ మీద ఒకడికి పద్దెనిమిది జలగలు. అరవై నాలుగు, దొంగ పడవ ఒకటి, ఉదయం తొమ్మిదీ పదికి, దూరం ఏడు కిలోమీటర్లు, కంట్రోలుకు చెప్పాం, ఎవరూ రాలేదు. అరవై ఎనిమిది, వంటవాడికి జ్వరం, నూట మూడు. డెబ్భై, జనరేటరు బెల్టు తెగింది. డెబ్భై ఒకటి దగ్గర ఏమీ రాయలేదు. వాన అనుకుంటాను. ఆ నెలలో అంతా వానే. వాళ్ళ చిన్న డింగీ పడవలు ఆ సముద్రం దాటలేవు. ఉత్తరానికి వెళ్ళే దారి లేదు.

ఎనభై మూడో రోజు ఓడ వచ్చింది. టపా సంచిలో నా కట్ట. తాడు కూడా నేను కట్టిందే. పైన ఒక చీటీ, రెండు వాక్యాలు. ఈ పేరుతో ఏ కార్యాలయమూ లేదు. గడువు ముగిసింది.

ఆపరేటరు చదివాడు. ఈసారి కలెక్టర్ సాబ్ అనలేదు.

"నిచ్చెన ఎక్కడుంది ఉస్తాద్?" అన్నాడు.

"వంటగది వెనక."

ఇద్దరం బోర్డు దించాం. ఎనిమిది మేకులు. నాలుగు విరిగాయి.

సాయంత్రం అయిదింటికి నేను అవతలి రేవుకు వెళ్ళాను. నూకమ్మ చేప కోస్తోంది. కట్ట ఆమె పక్కన పెట్టాను. చెప్పాను. ఆమె కోసే చేపను కోయడం ముగించింది. చేతులు కడుక్కుంది. నూతి దగ్గరకు వెళ్ళి ఒక చేద తోడి నాకు ఇచ్చింది. తాగాను. తిరిగి వచ్చి ఆరింటికి సెట్టు మీద మాట్లాడాను. అంతా ఠీక్, ఓవర్.

ఎనభై ఆరో రోజు ఆర్డరు. పేరు లేని కుటుంబాలు మా ల్యాండింగ్ క్రాఫ్టులోనే పోర్ట్ బ్లెయిరుకు వస్తాయి. పాకలు విప్పడంలో, సామాను ఎక్కించడంలో పోస్టు సాయం చేయాలి. మూడు రోజులు పట్టింది. ఒక్కో పాకకు నలుగురు మనుషులు, రెండున్నర గంటలు. వెదుర్లు ఒకచోట, రేకులు ఒకచోట. మేకులు ఏరి డబ్బాలో వేశాం, వాళ్ళకు పనికొస్తాయని. ఎవరూ అడ్డుపడలేదు. ఒక ముసలాయన మాకు ఎక్కడ తాడు విప్పాలో చూపించాడు. నా చేతులకు పని తెలుసు, అవి చేశాయి. నాకేమీ అనిపించలేదు. అదే రాస్తున్నాను, అంతకంటే బాగా రాయలేను.

నూకమ్మ పాక ఆఖరిది. తలుపు ఓడ పెట్టె చెక్కలతో చేసింది. దాన్ని నేను ఎత్తుకున్నాను. పడవ వైపు నడుస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"అది అటు కాదు. ఇటు తే."

నూతి మీద పెట్టించింది. మూతలా.

"గొడ్డో గోదో పడిపోద్ది," అంది.

తొంభై ఒకటో రోజు ఉదయం ఆరూ పదిహేనుకు బయల్దేరాం. డెక్కు మీద ఒకవైపు మేం పదిమందిమి, ఒకవైపు పదకొండు కుటుంబాలు. మధ్యలో రేకులు. తొమ్మిది గంటల ప్రయాణం. ఎవరికో వాంతి అయింది. మా వంటవాడు అందరికీ టీ పెట్టాడు. వాళ్ళు తీసుకున్నారు. మూడుంబావుకు జెట్టీ. వాళ్ళను ఒక ట్రక్కు ఎక్కించారు. మమ్మల్ని ఇంకో ట్రక్కు. సాయంత్రం రిపోర్టు ఇచ్చాను. దొంగ పడవలు మూడు. మలేరియా ఒకటి. ప్రాణనష్టం లేదు.

మిన్నీ బేలో అప్పుడు మా ఇల్లు. మా ఆవిడ అడిగింది, ఎలా ఉంది అక్కడ అని. జిల్లాను ఏలి వచ్చాను అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు బాగుంది. అక్కణ్ణుంచి మొదలైంది.

మర్చిపోలేనిది ఏది అని అడుగుతారు. నూతి మీద తలుపు అంటాననుకుంటారు. కాదు. బోర్డు దించాక గోడ మీద మిగిలిన జాడ. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. చుట్టూ గోడ నాచు పట్టి నల్లగా ఉంది. అక్కడ మాత్రం సున్నం కొత్తగా, తెల్లగా. ఏ పేరూ లేదు. పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసినా ఆ తెలుపు కనిపిస్తుంది.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ అచ్చుకు ఇచ్చే ముందు పోయిన మంగళవారం చాతంలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళాను. నూకమ్మ అక్కడ చిన్న కొడుకు ఇంట్లో ఉంటోంది. డెబ్భై దగ్గర పడింది. ఇప్పటికీ చేప తనే కోస్తుంది. గుమ్మంలో కూర్చుని ఇదంతా మొదటి నుంచి చదివి వినిపించాను. కొబ్బరికాయ దగ్గర నవ్వింది. బనీను దగ్గర నవ్వింది. నిచ్చెన దగ్గర నవ్వలేదు. చదవడం అయ్యాక కత్తి పక్కన పెట్టింది.

"అయిపోనాదా?"

"అయిపోయింది."

"డెబ్భై ఒకటో రోజు వాన అని రాసేవు."

"అనుకుంటాను అని రాశాను."

"ఝూట్. వాన లేదు. ఎండ కాసింది, నాను సేప ఆరబెట్టేను. పదింటికి మమ్మల్ని ఎక్కించుకోడానికి ఉత్తరం నుంచి సర్కారు బోటు వొచ్చింది. బోటువోడు రమ్మంటే మేం మూటలు అట్టుకుని జెట్టీ మీద నిలబడ్డాం. నువ్వు ఆ బోర్డు కింద నించి దిగొచ్చి, వీళ్ళ పని నాను సేసేసేను, ఇక్కడ సాబుని నానే, నువ్వు ఎల్లిపో అని ఆ బోటువోడికి సెప్పేవు. ఆడు ఖాళీ బోటు తిప్పుకుని ఎల్లిపోనాడు. నువ్వు మర్సిపోలేంది గోడా కాదు, సున్నమూ కాదు బాబూ. అది రాసుకో."